గనీతో మొదలుపెట్టిన బొంత

1953 ఎండాకాలంలో, కరాచీలో ఉన్న తమ్ముడి దగ్గరికి శాశ్వతంగా పోతున్నానని గనీ చెప్పాడు. మర్నాడే పాత చీరలు, ధోవతులు మూటగట్టుకుని పటాన్‌చెరులో అతని కుట్టు దుకాణానికి పోయాను.

"ఇద్దరం కలిసి బొంత కుడదాం" అన్నాను.

"గీ ఎండల బొంతెందుకు వీరేశం?"

"నాకు చలి."

అతను పేలికలు పరిచాడు. నేను కుట్టడం మొదలుపెట్టాను.

"గిది కుట్టా, ఎద్దు నడకా?" అన్నాడు.

"నీ పని నువ్వు చూసుకో."

మొదటి వరస అయ్యాక చెప్పాను. "ఇద్దరు పట్టిన బొంతను సగంల ఇడిసి ఊరు దాటద్దు. మా అమ్మ చెప్పేది."

గనీ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఎంత పెద్దగ కుడుతవ్?"

"ఇంటిల్లిపాదికి సరిపోయేంత."

"నీ ఇంట్ల నువ్వొక్కనివే గద."

నేను సూదిలోకి కొత్త దారం ఎక్కించాను.

ఇంకో వరస కుట్టాక గనీ మెల్లగా అన్నాడు. "మీ అమ్మ చేతి రొట్టె తిని పెరిగిన. ఆమె గట్ల ఎన్నడనలే."

సూది నా వేలికి గుచ్చుకుంది.

గనీ లేచి, ప్రయాణానికి సర్దుకున్న ట్రంకు తెరిచాడు. కొత్తగా కుట్టుకున్న షేర్వాణీ తీసి దానికి కత్తెర పెట్టాడు.

"బొంత జెర చిన్నగున్నది" అన్నాడు.