నాలుగు లేని పెట్టె

“నాన్న నాలుగని చూపించాడురా. నా కళ్లతో చూశాను.”

“నాలుగనే వాల్యూమే లేదు కదక్కా. నువ్వే చూడు.”

యూచిన్ చూసింది. ఇంట్లో ఫొటోలూ వీడియోలూ దాచే స్టోరేజి పెట్టె అది. తెర మీద నాలుగు డిస్కులు, వాటిలో అరల్లాంటి నాలుగు వాల్యూములు. పేర్లు మాత్రం ఒకటి, రెండు, మూడు, అయిదు. పెట్టె కొన్ననాడే వాళ్ల నాన్న లియావ్ కూర్చుని ఆఖరిదాని పేరు మార్చేశాడు. మార్చడా మరి? మా తైనాన్‌ ఊరి భాషలో నాలుగుకీ చావుకీ ఇంచుమించు ఒకటే పలుకు. లిఫ్టులో మూడు తర్వాత అయిదే నొక్కుతాం. లియావ్‌కి ఆ చాదస్తం మరీ ఎక్కువ. బజారులో చేపలు మూడిమ్మని, ఆనక ఇంకోటి వెయ్యమనేవాడు. డెబ్బై ఎనిమిదేళ్లలో ఆయన నోట ఆ అంకె విన్నవాళ్లు లేరు.

మొన్నటి పిడుగుకి పెట్టె దెబ్బతింది. పొద్దుటి నుంచీ ఒకటే కూత. తెరిచి వెతకబోతే బిగుసుకుపోతోంది. ఆపితే మళ్లీ లేవదనీ, ఒక్క వాల్యూమ్ కాపీ అయ్యేదాకా బతికితే గొప్పనీ, ఏది ముఖ్యమో తేల్చుకుని అదొక్కటీ తీసుకోమనీ షాపతను ఫోన్లో చెప్పాడు.

ముఖ్యమైనది ఒక్కటే. అమ్మ గొంతు. పోవడానికి ఏడాది ముందు ఆవిడ వంటింట్లోంచి “ఏమయ్యా, తిన్నావా?” అని పిలుస్తుంటే నాన్న చాటుగా రికార్డు చేసుకున్నాడు. ఆ నాన్న ఇప్పుడు పది రోజులుగా ఐసీయూలో ఉన్నాడు, గొంతులో ట్యూబుతో. అది పీకేసుకోకుండా రెండు చేతులకీ మెత్తటి సంచులు తొడిగి కట్టారు. ఎవరొచ్చినా గోడవైపే చూస్తాడు. అమ్మ పిలుపు చెవిన పడితే మళ్లీ బతుకు మీద మనసు నిలుస్తుందని యూచిన్ ఆశ. ఇంకే ఆశా మిగల్లేదు పాపం.

అందుకే పొద్దున చూడనిచ్చే అరగంటలో ఒక సంచి విప్పించింది. పెట్టె సంగతంతా చెప్పి, “నాన్నా, అమ్మ గొంతు ఎందులో పెట్టావు? వేళ్లతో చూపించు” అంది. ఆయన బొటనవేలు మడిచి నాలుగు వేళ్లెత్తాడు. మళ్లీ అడిగితే మళ్లీ నాలుగే. చెయ్యి కష్టంగా లేచింది కానీ లెక్క తప్పలేదు.

వరసలో నాలుగోది అయిదే కదా, తను పెట్టిన పేరు తనే మర్చిపోయుంటాడని తమ్ముడు చెంగ్‌హాన్ అన్నాడు.

“మర్చిపోవడమా? నాన్న చస్తే నాలుగనడు” అని, యూచిన్ నాలిక కరుచుకుంది.

తమ్ముడు తెర దగ్గరికి జరిగాడు. తర్వాత, అమ్మ ఫొటోలన్నీ రెండులో ఉండేవి, గొంతు కూడా అక్కడే ఉంటుందేమో అని నసిగాడు. యూచిన్ వేలు ‘రెండు’ దాకా వెళ్లింది. కానీ నాన్న అంత కష్టపడి ఎత్తిన వేళ్లను కాదనడానికి మనసొప్పలేదు. ‘అయిదు’ నొక్కింది.

కాపీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆ వెంటనే కూత ఆగింది. దీపాలూ ఆరిపోయాయి. ఎన్నిసార్లు నొక్కినా పెట్టె లేవలేదు.

అయిదులో ఉన్నవి ఫ్రిజ్ వారంటీ కార్డు, స్కూటర్ కాగితాలు, వాషింగ్ మెషీన్ వాడే విధానం. అమ్మ ఎక్కడా లేదు. చెంగ్‌హాన్ గబుక్కున లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. నేనన్నానా అని ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది యూచిన్‌కి.

సాయంత్రం అరగంటకి ఒక్కతే వెళ్లింది. నర్సు షావ్ అప్పుడే సంచి విప్పి ఆయన చెయ్యి తుడుస్తోంది. యూచిన్ మంచం పట్టుకుని ఏడ్చేసింది.

“నాలుగన్నావు కదా నాన్నా. నీ మాట మీదే వరసలో నాలుగోది తీశాను. అందులో అమ్మ లేదు. మిగతా వాల్యూములన్నీ పోయాయి.”

ఆయన గోడవైపు నుంచి తల తిప్పాడు. కూతురి మొహంలోకి చాలాసేపు చూశాడు. కంటి కొస నుంచి నీళ్లు జారి దిండులోకి ఇంకాయి. తడి చెయ్యి మెల్లగా పైకి లేపాడు. బొటనవేలు మడిచాడు. నాలుగు వేళ్లు.

షావ్ ఆ వేళ్లను ఒక్కొక్కటే మడిచి, చెయ్యి సంచిలో పెట్టి ముడేసింది.

“వాల్యూమేమిటమ్మా? ట్యూబు వేసిననాటి నుంచీ ఆ నాలుగు వేళ్లతో నన్నూ అదే అడుగుతున్నారు. అది నేనిచ్చేది కాదు తాతా అని రోజూ చెప్తూనే ఉన్నాను.”