ఎవరూ చూడని రాయి

భారతమ్మ మేడం ఇంట్లో లోహిత అనపకాయలు ఒలుస్తోంది. గింజలు గిన్నెలో కాకుండా చాప మీద పడుతున్నాయి. ఎదురుగా దయానంద్ సారు ఆమె థీసిస్ తిరగేస్తున్నాడు.

మధ్యయుగ అధ్యయన కేంద్రంలో ఒక్కో విద్యార్థికి ఇద్దరు గైడ్లు. లోహితకు చరిత్ర సారు, తెలుగు మేడం. ఇద్దరూ సంతకం పెడితేనే థీసిస్ తీసుకుంటారు. రేపే ఆఖరి రోజు.

చంద్రగిరి దగ్గరి రాతి శాసనంలో ఒక పంక్తి అరిగిపోయింది. అక్కడ ఊరి పేరు లోహిత ఊహించి రాసింది. తప్పయితే గైడ్లే దిద్దుతారనుకుంది.

“ఊరి పేరు బలే పట్టినావు పాపా! నీ వాదనంతా దీని మీదే నిలబడి ఉండాది,” అన్నాడు సారు. “మేడం, రాయి మీరు సూసినారు గదా?”

“నేనా? మీరు సూసినారనే గదా నేను దిద్దలేదు!”

“అక్షరాలు మీ పని గదా మేడం.”

“ఊర్లు మీ పని గదా సార్.”

ఇక తిట్లే అనుకుని లోహిత తల వంచుకుంది. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఇద్దరి ముఖాల్లోనూ తన భయమే ఉంది.

మేడం గొంతు తగ్గించింది. “పోనీలెండి. థీసిస్ దిద్దే వాళ్లు మాత్రం రాయి దగ్గరికి పోతారా? సంతకం పెట్టేయండి సార్.”

సారు పెన్ను మూత తీశాడు.

ఇంతసేపూ దొరికిపోతానని భయపడింది లోహిత. ఇక ఎప్పటికీ దొరకనని తెలిశాక ఇంకా ఎక్కువ భయమేసింది. ఉందో లేదో తెలియని ఊరొకటి తన చేతి మీదుగా చరిత్రలో చేరిపోతోంది.

లేచి, సారు చేతి కిందినుంచి థీసిస్ మెల్లగా లాక్కుని గడప దాటింది.