ఆడనియ్యండి సారూ

శశికళను ఖోఖో జట్టులో వేసుకోమని ఆ పిల్ల తల్లి సౌభాగ్య వచ్చి అడిగినప్పుడు, డ్రిల్లు మాస్టరు జనార్దన్ ఆవిడను ఎగాదిగా చూశాడు.

ఏడో తరగతి పిల్ల. గాలి వీస్తే ఎగిరిపోయేటట్టుంటుంది. పైగా చక్కెర జబ్బు. రెండు పూటలా సూది పడాల్సిందే. అలాంటి పిల్లను ఏ తల్లయినా నీడపట్టున కూర్చోబెట్టుకుంటుంది. ఈవిడేమో ఎండలో పరుగెత్తించమంటోంది.

ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలన్నాడు జనార్దన్.

"నేను చెప్త సారూ. దానికి ఆటంటే పానం. ఆడనియ్యండి."

గొంతులో తడి లేదు. రేషను దుకాణంలో కిరసనాయిలు అడిగినట్టు అడిగింది. ఏం రాతిగుండె మనిషిరా అనుకున్నాడు. అనుకున్నాడే గాని, వెనకాల నిలబడ్డ పిల్ల మొహం చూసి కాదనలేకపోయాడు.

అప్పుడావిడ విడమరిచి చెప్పింది. సూదిమందు ఒంట్లో చక్కెరను తగ్గిస్తుంది. పరుగు ఇంకాస్త తగ్గిస్తుంది. బొత్తిగా తగ్గిపోతే పిల్ల పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆట ఉన్న రోజు డాక్టరు చెప్పినట్టు మందు తగ్గించి, జొన్నరొట్టె తినిపించి పంపుతుంది. తక్కినది సారు చూసుకోవాలి. పిల్లకు చెమటలు పోసినా, చూపు నిలిచిపోయినా, తిక్కతిక్కగా చేసినా వెంటనే నోట్లో చక్కెర పెట్టాలి.

చక్కెర జబ్బుకు చక్కెరే మందా! జనార్దన్‌కు విడ్డూరంగానే తోచింది. సరేనని తల ఊపాడు. తల ఊపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది. ఆవిడకు ఆ ఊపు చాలలేదు.

"ఎవరన్న వద్దంటే ఏం జేస్తరు సారూ?"

"విననమ్మా."

"పెద్దమనిషొచ్చి చెయ్యి పట్టుకుంటే?"

"విననంటున్న గద," అన్నాడు విసుగ్గా.

నాంపల్లి స్టేషను వెనక మైదానంలో బషీర్‌బాగ్ బడి పిల్లలతో పోటీ. హెడ్మాస్టరు మల్లేశ్వరరావు కోటు వేసుకుని మరీ వచ్చాడు. సౌభాగ్య ఆడవాళ్ళ మధ్య ఓ మూల కూర్చుంది. శశికళ ఆట చూసి జనమంతా లేచి నిలబడ్డారు. చూస్తుండగానే ఇద్దర్ని అవుట్ చేసింది.

మళ్ళీ ఖో అందుకుంది. లేచింది. రెండడుగులు ముందుకు వేసి, గిరుక్కున వెనక్కి తిరిగి పరుగెత్తింది.

ఖోఖోలో వెనక్కి తిరగకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. జనం గొల్లున నవ్వారు. శశికళ ఎటో చూస్తూ గీత మీద చతికిలబడింది.

జనార్దన్ ఒక్క ఉరుకున వెళ్ళాడు. పిల్ల ఒళ్ళంతా చెమటలు. పిలిస్తే సగం సగం పలుకుతోంది. జేబులోంచి చక్కెర పొట్లం తీసి చేతిలో వంపుకున్నాడు. చెయ్యి పిల్ల నోటిదాకా వెళ్ళింది.

మల్లేశ్వరరావు వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అకల్ ఉన్నదా జనార్దన్? చక్కెర బీమారి పిల్లకు చక్కెర పెడుతవా? సంపుతవా ఏంది?"

చుట్టూ మూగినవాళ్ళు ఔ ఔ అన్నారు. దవాఖానకు తీసుకుపొమ్మన్నారు, రిక్షాను కేకేశారు. పెద్దల మాట చద్దిమూట అని చిన్నప్పటి నుంచీ విన్నవాడు కదా, జనార్దన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పిల్ల తల వాలిపోతోంది. అయినా ఆ చెయ్యి కదల్లేదు.

సౌభాగ్య జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అరవలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. హెడ్మాస్టరును భుజంతో పక్కకు నెట్టి, జనార్దన్ చేతిలోని చక్కెర తీసి పిల్ల బుగ్గలో పెట్టింది. మింగమంది. మళ్ళీ పెట్టింది. ఇదేం తల్లి అని వెనక ఎవరో అన్నారు.

కాసేపటికి శశికళ చూపు తేటపడింది. అందరినీ చూసి, మనం గెలిచినమా అని అడిగింది.

సౌభాగ్య కంట చుక్క నీరు లేదు. పిల్ల మూతి కొంగుతో తుడిచి, జొన్నరొట్టె ముక్క చేతిలో పెట్టింది.

జనం పలచబడ్డాక జనార్దన్ ఆవిడ దగ్గరికి వచ్చాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. అన్నిసార్లు చెప్పినా తన చెయ్యి ఆగిపోయిందని, మాఫ్ చెయ్యమని అన్నాడు.

ఆవిడ రొట్టె నములుతున్న పిల్ల వైపే చూస్తూ అంది.

"మీరు పెట్టకుంట ఆగిన్రు, గంతే సారూ, గౌలిగూడల ఉన్నప్పుడు మా పెద్దోడు గిట్లనే కూలబడితే, వాళ్ళ సారు పెట్టిన చక్కెరను నేనే వాని నోట్లకెళ్ళి వేలు పెట్టి తీసి పారేసిన, వాడు మల్ల లేవలే."