గుచ్చుడుగాడు

“స్టీల్‌హెడ్ చేపకా, సాల్మన్‌కా?” అడిగింది డెల్మా.

కౌంటరు అవతల కొత్త మనిషి. మాసిన గడ్డం. మోకాళ్ల దాకా బురద. బయట ఆపిన బండి నంబరు పక్క రాష్ట్రానిది. గోడకి వరసగా ఆనించిన గాలపు కర్రల్ని చూస్తున్నాడు గానీ, కళ్లకి ఒక్కటీ ఆనుతున్నట్టు లేదు.

“స్టీల్‌హెడ్ అయితే ఇది తీసుకో. సన్నది. కొస మెత్తన. చేప ఎరని ముద్దు పెట్టుకున్నా చేతికి తెలుస్తుంది. పది పౌండ్ల దారం చాలు.”

“బరువు లాగాలి,” అన్నాడతను. “అడుగు నుంచి.”

“ఎంత బరువేంటి?”

“అరవై పౌండ్లుంటుంది.”

పొయ్యి పక్కన కాఫీ తాగుతున్న క్లీట్‌కి పొలమారింది. డెల్మా తమ్ముడు. ఈ నదిలో పడవ వేసి, వచ్చినవాళ్ల చేత చేపలు పట్టించడమే వాడి బతుకు.

“అరవయ్యా? మా తాత పోయాక ఈ నదిలో అంత సాల్మన్‌ని చూసినవాడు లేడు బాబూ. నీకెక్కడ కనపడింది?”

“ఎగువన. ఆదివారం. చేతికి అందింది. పట్టుకున్నాను. జారిపోయింది.”

“జారిపోయింది ఎప్పుడూ పెద్దదేలే,” నవ్వాడు క్లీట్.

“మా ఆయన జారగొట్టినవన్నీ కలిపితే ఈ ఊరు ఏడాది తినొచ్చు,” అంది డెల్మా.

అతను నవ్వలేదు. అన్నిటికంటే లావు కర్ర చూపించాడు. సముద్రంలో పడవ మీంచి పెద్ద సాల్మన్లని లాగేది. దానికి తగ్గ రీలు. ఎనభై పౌండ్ల అల్లిక దారం. అప్పటికీ డెల్మాకి అనుమానం రాలేదు.

“సీసం గుండ్లు కావాలి. మూడు ముళ్ల కొక్కేలు కూడా. మీ దగ్గర ఉన్నవాటిల్లో పెద్దవి.”

“ఎర?”

“ఎర అక్కర్లేదు.”

డెల్మా క్లీట్ వైపు చూసింది.

సీసం, మూడు ముళ్లు, ఎర లేదు. నది మీద బతికేవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. చేప నోరు తెరిచి అందుకునే దాకా ఆగేవాడు వేటగాడు. మడుగు అడుగున కొక్కేలు ఈడ్చి, పొట్టలోనో వీపులోనో గుచ్చి లాక్కుపోయేవాడు గుచ్చుడుగాడు. దొంగల్లో దొంగ.

చెట్లు నరికి కొండలు గొరిగిన కలప కంపెనీ నదిలోకి ఎంత బురద తోలినా అడిగే దిక్కు లేదు. మిగిలిన కాసిని సాల్మన్లు దుంగల మడుగులో పడుకుని వాన కోసం చూస్తున్నాయి, పైకెళ్లి గుడ్లు పెట్టడానికి. ఇంకొక్క గుచ్చుడు కేసు బయటపడితే చేపల వేటకి నదినే మూసేస్తామని అధికారులు బెదిరించి పోయారు. కంపెనీని కాదు, నదిని. నది మూస్తే ఈ దుకాణం లేదు. క్లీట్ పడవ లేదు. ఊరే లేదు.

“దుంగల మడుగు ఎంత లోతు?” అడిగాడతను.

క్లీట్ కప్పు కింద పెట్టాడు. “ఎందుకు?”

“పై నుంచి కొట్టుకొచ్చేదంతా అక్కడే ఆగుతుందన్నారు.”

“చూడు బాబూ. ఆ మడుగు నీ అబ్బ సొత్తు కాదు.”

“నాకు చేపలొద్దు.”

“దొరికినవాళ్లందరూ అదే అంటారు.”

అతను సరుకు తీసుకుని వెళ్లిపోయాడు.

“ఎందుకమ్మావక్కా?”

“ఇక్కడ కాకపోతే పక్కూళ్లో కొంటాడు. చేతిలో సరుకుతో దొరకాలి వెధవ. చేపల వార్డెన్‌కి ఫోన్ చేస్తానుండు.”

“ఆయన ప్యాంటు తొడుక్కుని వచ్చేసరికి మడుగు ఖాళీ.” క్లీట్ చేపలు కోసే కత్తి జేబులో వేసుకున్నాడు.

“ఒరేయ్. మనిషిని ముట్టుకోకు.”

క్లీట్ తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

క్లీట్ చేరేసరికి అతను మడుగులో నడుం లోతున ఉన్నాడు. దుంగల అవతలకి విసురుతున్నాడు. మునగనిస్తున్నాడు. అడుగున ఈడుస్తున్నాడు. మళ్లీ విసురుతున్నాడు. పెదాలు ఒకే పేరు గొణుగుతున్నాయి.

కర్ర వంగింది.

చేప అయితే పరుగు తీస్తుంది, తల విదిలిస్తుంది. ఇది విదిలించలేదు. బరువుగా, నిదానంగా లేస్తోంది. గుడ్లతో నిండిన తల్లి, ఒంట్లో సత్తువ చచ్చిపోయింది, అనుకున్నాడు క్లీట్. ఒళ్లు మండింది. కత్తి తీసి నీళ్లలోకి దిగాడు.

“కొయ్యకు,” అన్నాడతను. కర్ర వదల్లేదు. “అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క నిమిషం ఆగు.”

కత్తి ఆడింది. దారం టప్పున తెగింది. దుంగల కింద నీళ్లు ఒకసారి సుడి తిరిగి మూసుకున్నాయి.

“దాని చోటికి అది పోయింది,” రొప్పాడు క్లీట్. “మళ్లీ ఈ నదిలో కనిపించావో, తెగేది దారం కాదు.”

అతను అరవలేదు. తిరగబడలేదు. తెగిన దారం కొస వేలికి చుట్టుకుంటూ నీళ్లకేసే చూశాడు.

“మా పాప,” అన్నాడు, “ఈ నెలే మూడో తరగతిలోకి వచ్చింది.”