పడని మందు

కంప్యూటర్ల కంపెనీ పంపిన మనిషి వచ్చీ రాగానే కంప్యూటర్ ముందు కూర్చున్న తీరే రిసెప్షనిస్టుకు నచ్చలేదు.

పిల్లల క్లినిక్‌లో ఆ కంప్యూటర్ ఏళ్ల తరబడి రిసెప్షనిస్టు చేతి కిందే ఉంది. ఎవరికి ఏ జబ్బు చేసింది, ఏ టీకా వేశారు, ఏ మందు పడదు, అన్నీ అందులోనే. సాయంత్రం దానికి గుడ్డ కప్పి, గదికి తాళం వేస్తేగాని ఆవిడకు ఇంటికెళ్లబుద్ధి కాదు.

ఇప్పుడు డాక్టరమ్మ అదంతా క్లౌడ్‌లోకి మార్పిస్తోంది.

"క్లౌడంటే మబ్బేగా. వాన కురిసిన రోజున మన పిల్లల జాతకాలన్నీ ఊరి నెత్తిన పడతాయి," అంది రిసెప్షనిస్టు.

డాక్టరమ్మ నవ్వింది. ఇక మీదట తాను ఇంట్లో ఉన్నా ఫోన్‌లోనే అన్నీ చూసుకోవచ్చని చెప్పింది.

రిసెప్షనిస్టుకు గుబులు ఇంకాస్త పెరిగింది. ఒకరు చూడగలిగినప్పుడు పదిమందీ చూడగలరు కదా.

అప్పటి నుంచి కంట్లో వత్తులేసుకుని కనిపెట్టింది.

వచ్చినామె భోజనానికి లేచేది కాదు. టీ ఇస్తే చల్లారిపోయేది. పైగా, సెలవు రోజున ఇక్కడ ఫోన్ ఎవరెత్తుతారని అడిగింది.

ఎవరూ ఉండరని చెప్పేసి, ఆనక నాలుక కరుచుకుంది రిసెప్షనిస్టు. కన్నం వేసేవాళ్లే ముందు ఇలాంటివి ఆరా తీస్తారు.

ఒక మధ్యాహ్నం చాటు నుంచి చూస్తే, తెర మీద ఎవరో పిల్లాడి పేజీ ఒక్కటే చాలాసేపు తెరిచి ఉంది. దగ్గరికెళ్లేసరికి ఆమె చటుక్కున మూసేసింది.

"ఏం చూస్తున్నారు?"

"ఏం లేదండీ. అన్నీ సరిగా వచ్చాయో లేదోనని."

గొంతు తడబడింది. దొరికిపోయిన దొంగ గొంతు అలాగే ఉంటుందనుకుంది రిసెప్షనిస్టు.

సాయంత్రమే డాక్టరమ్మ చెవిన వేసింది. పసిపిల్లల వివరాలు ఎవరికో అమ్ముకునే బాపతని తేల్చేసింది. ముందు కొట్టిపారేసినా, చివరికి డాక్టరమ్మకూ అనుమానం అంటుకుంది. మిగిలిన పనికి వేరే మనిషిని పంపమని కంపెనీకి ఫోన్ చేసింది.

మర్నాడు సంగతి చెబితే ఆమె ఒక్కటే అడిగింది.

"కాస్త సమయం ఇవ్వండి. ఏ మందు పడదో ప్రతి బిడ్డ పేజీలోనూ అన్నిటికన్నా పైన, ఎర్రగా కనిపించేలా పెట్టి వెళ్లిపోతాను."

రిసెప్షనిస్టు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. పని అయ్యాక ఆమె గుమ్మం దాటేదాకా ఆమె సంచీ మీద నుంచి చూపు మళ్లించలేదు.

కొన్నాళ్లకు, ఒక సెలవు రోజున, బడివాళ్లతో విహారయాత్రకెళ్లిన పిల్ల ఒకతె స్పృహ తప్పింది. తల్లిదండ్రుల ఫోన్లు కలవలేదు. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లి, టీచరు డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

డాక్టరమ్మ వంటింట్లో నిలబడే ఫోన్‌లో ఆ పిల్ల పేజీ తెరిచింది. పడని మందు పేరు పైనే ఎర్రగా కనిపించింది. అక్కడి డాక్టరు అప్పటికే ఇంజెక్షన్ సిద్ధం చేశాడు. సరిగ్గా ఆ మందే.

ఆపించింది. పిల్ల బతికింది.

మర్నాడు ఆ సంగతి విన్నాక రిసెప్షనిస్టు మనసు మనసులో లేదు. తాము పంపేసినామెకు క్షమాపణ చెప్పుకోవాలని కంపెనీకి తానే ఫోన్ చేసింది.

ఆమె ఉద్యోగం మానేసి వెళ్లిపోయిందని, ఎక్కడుందో తమకు తెలియదని మేనేజరు చెప్పాడు. ఆ క్లినిక్ పని మాత్రం తనకే ఇమ్మని పట్టుబట్టి తీసుకుందట.

"మా క్లినిక్కే ఎందుకండీ?"



"పోయినేడాది ఇలాగే యాత్రకెళ్లి, ఏ మందు పడదో చెప్పే దిక్కులేక ప్రాణం పోగొట్టుకున్న పిల్లాణ్ని, మీ దగ్గరికి ఎప్పుడూ వాళ్ల నాన్నే తెచ్చేవాడు కాబట్టి, వాళ్లమ్మను మీరు గుర్తుపట్టి ఉండరు."