తేనె రంగు నూనె

మెకానిక్ జగదీశ్ కారు ఇంజిన్‌కు ముఖానికి రాసుకునే పౌడర్ చల్లుతుంటే ప్రవీణకు నవ్వు ఆగలేదు.

"ఏంది తమ్మీ, పెండ్లిచూపులకు తోలుకపోతవా దాన్ని?"

"నవ్వకు అక్కా. కడిగి, పౌడర్ చల్లి, పావుగంట నడిపితే నూనె ఏడికెల్లి కారుతున్నదో అదే చెప్తది."

నిజంగానే చెప్పింది. పై మూత అంచు నుంచి ఒక తడి గీత కిందికి దిగింది. వెనక, గేర్‌బాక్స్ దగ్గర ఇంకో తడి.

పై మూత ప్యాకింగ్ అక్కడికక్కడే మార్చాడు. వెనకది చూసి మాత్రం తల గోక్కున్నాడు.

"ఈడ సీల్ పోయింది. గేర్‌బాక్స్ దింపాలె. నాలుగు దినాలు బండి నాకిడిచిపెట్టు."

నాలుగు దినాలు! కనకమామిడి నుంచి చేవెళ్ల దవాఖానకు తల్లి మారెమ్మను దినం విడిచి దినం డయాలసిస్‌కు తేవాలి. బస్సులో నిలబడే సత్తువ ఆమెకు లేదు.

"ఆటోల పోదామా అమ్మా?"

వెనక సీట్లోంచి మారెమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఒద్దు బిడ్డా. అంతమ్మ గతి మరిచినవా?"

అంతమ్మది దవాఖానలో పక్క మంచం. మొన్నటి వానల్లో ఆటో నడిరోడ్డు మీద చెడిపోయి, మిషన్ దాకా రాకముందే ప్రాణం పోయింది. ప్రవీణ ఆమెను చూసింది లేదు. తల్లిని సిస్టర్‌కు అప్పజెప్పి, కారు అక్కడే విడిచి, మండలాఫీసులో కంప్యూటర్ పనికి పరుగెత్తడమే ఆమెకు సరిపోయేది.

"అట్లయితే నూనె కొలిచే ఈ కమ్మీ తీసి రోజూ చూడు అక్కా" అన్నాడు జగదీశ్. "నూనె కింది గీతకు దిగితే కొత్తది పొయ్యి. మరిచినవంటే ఇంజిన్ పట్టేస్తది."

మొదటి రెండు వారాలు ప్రవీణ భక్తిగా చూసింది. ఎప్పుడు చూసినా నూనె పై గీత దగ్గరే. ప్యాకింగ్ మార్చడంతోనే కుదురుకుందని సంబరపడి చూడడం మానేసింది. బండి ఆపిన చోటల్లా నల్లటి చుక్కలు పడుతూనే ఉన్నాయి. మనసుకు నచ్చిన కబురు ఒకటి దొరికాక కంటికి కనిపించేది ఎవరికి కావాలి?

నెల తర్వాత ఒకరోజు, కారులో మరిచిపోయిన ఫైలు కోసం దవాఖానకు తొందరగా వచ్చింది.

బానెట్ లేచి ఉంది. దాని తాళం ఎప్పుడో పోయింది, ఇనుప తీగతో కట్టి ఉంచేది. ఆ తీగ విప్పి, ఎవరో బక్కపలచటి ముసలాయన లోపలికి వంగి ఉన్నాడు. ఎడమ చేతికి వెండి కడెం. ఆ చేతిలో సీసా, సీసాలో సగం దాకా తేనె రంగు నూనె.

"దొంగా! నా బండి నూనె తీస్తున్నవా?"

ఆయన బెదిరిపోయాడు.

"తీస్త లేనమ్మా... బండి ఆగొద్దని..."

"నూనె తీస్తే ఆగక ఏం జేస్తది?"

గేటు దగ్గర కొత్తగా చేరిన వాచ్‌మన్ బాలమల్లు పరుగెత్తుకొచ్చాడు.

"ఈయనకు ఈడ పేషెంట్ ఎవ్వరు లేరు మేడం. అయినా దినం విడిచి దినం వచ్చి కూసుంటడు."

"మళ్ల గేటు లోపల కనవడితే పోలీసులను పిలుస్త!" అని ప్రవీణ అరిచింది.

ముసలాయన సీసా కింద పెట్టి, బానెట్ మెల్లగా దించి, తీగ గట్టిగా బిగించి మరీ వెళ్లిపోయాడు.

ప్రవీణ వెంటనే తీగ విప్పి కమ్మీ తీసి చూసింది. నిండుగానే ఉంది. సమయానికి పట్టుకున్నానని తన భుజం తానే తట్టుకుంది. సీసాలో నూనె మట్టిలో పారబోసింది.

పదిహేను రోజులు గడిచాయి. చేవెళ్ల ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా కారులో ఎర్ర దీపం వెలిగింది. ఇంజిన్ టకటకా కొట్టుకుని, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

"ప్రభువా!" అంది మారెమ్మ. అప్పటికే ఆమెకు ఆయాసం మొదలైంది.

ఫోన్ చేయగానే జగదీశ్ ఒక ఆటోను వెంటబెట్టుకుని వచ్చాడు. మారెమ్మను అందులో కూర్చోబెట్టి, కమ్మీ తీసి చూశాడు.

"చుక్క లేదక్కా. రోజూ చూడమంటి గద?"

"నిండుగనే ఉండె తమ్మీ. ఎవడో దొంగ బానెట్ లేపి, సీసాతోని తీసిండు."

"పైనుంచి పోస్తరక్కా, తియ్యరు. తియ్యాలంటే బండి కిందికి దూరి నట్టు ఇప్పాలె. సీసాల నూనె ఏ రంగున్నది?"

"తేనె లెక్క."

జగదీశ్ ఇంజిన్ అంచుకు వేలు రాసి ఆమె ముందు పెట్టాడు. వేలు కాటుకలా నల్లబడింది.

"నీ ఇంజిన్ల నూనె ఇది. తేనె రంగున్నదంటే కొత్తది. ఆయన తీస్త లేడక్కా. పోస్తున్నడు."

ప్రవీణ ఆటో ఎక్కి తల్లి పక్కన కూర్చుంది.

గంట ఆలస్యమైనా సిస్టర్ సమత ఎలాగో మిషన్ దొరికించింది. తల్లి ఊపిరి కుదుటపడగానే ప్రవీణ గేటు దగ్గరికి ఉరికింది.

"ఆ దినం సంది రాలే మేడం" అన్నాడు బాలమల్లు. "ఏ ఊరో, ఏందో ఎరుక లేదు."

తిరిగొచ్చి తల్లి మంచం పక్కన కూలబడి ఏడ్చేసింది.

"ఎవరమ్మా ఆయన? బక్కగ ఉంటడు. ఎడమ చేతికి వెండి కడెం. మనకెందుకు పోసిండు?"

మారెమ్మ పక్క మంచం వైపు చూసింది.

"మైసయ్య, బిడ్డా, అంతమ్మ పెనిమిటి... మిషన్ నడిచినంతసేపు ఆమె ఆ కడెం చెయ్యి పట్టుకొనే పండేది."