సముద్రం మీద మచ్చ

"మావా! ఆగు! నా సముద్రాన్ని ఏటి సేత్తన్నావు?"

సరోజిని కేక స్టేజీ వెనక ఖంగుమంది. ముందు తెర దించి ఉంది. అవతల సంతబొమ్మాళి బడి ఆవరణలో జనం కిక్కిరిసి కూచున్నారు. ఊరి పెద్ద భాస్కరరావు మైకు పట్టుకుని ఉపన్యాసం దంచుతున్నాడు. ఆయన దిగగానే ఆఖరి రంగం. ఈలోగా సింహాద్రి బక్కెట్లో కుంచె ముంచి, నాలుగు రోజులు చెమటోడ్చి వెనక తెర మీద తనే వేసిన నీలి సముద్రం మధ్యలో ఇంత లావు ఎర్రమచ్చ పులిమేస్తున్నాడు.

"సముద్రమే ఏత్తన్నాను టీచరమ్మా," అన్నాడు, తల తిప్పకుండానే.

"సముద్రం ఎర్రగుంటాదేటి? ఇదేమన్నా ఎర్రసముద్రం సీల్చిన మోషే కథా? మీ వేటోళ్ళ కథ మావా!"

సింహాద్రి పలకలేదు. నోరు తెరిస్తే మూయించడం ఎవరి తరమూ కాని మనిషి, ఇప్పుడు పెదవులు బిగించేసుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికని రెండు మైళ్ళ అవతల సముద్రం ఒడ్డునున్న తమ పల్లెకి వెళ్ళాడు. ఇందాకే సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు. వచ్చీరాగానే ఈ నిర్వాకం మొదలుపెట్టాడు. మచ్చ మీద తెల్లపిట్టల్ని కూడా వేశాడు. అవైనా సరిగ్గా ఎగురుతున్నాయా అంటే లేదు, తలకిందులుగా నీళ్ళలోకి దూకుతున్నాయి. తడిరంగు బొట్లుబొట్లుగా కారుతోంది.

అదే తెర మీద కొబ్బరిచెట్లు వేసినవాడు వరప్రసాదు, కాశీబుగ్గలో సైనుబోర్డులు రాసే ఆర్టిస్టు. చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"కావాలనే సేసినాడు మేడమ్! నిన్న మీరు నా సెట్లు బాగున్నాయన్నారు కదా, పడవలకి రంగులేసీవోడికి కడుపుమంట!"

అవునేమోనని సరోజినికి ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం కాదనిపించింది. నిన్న ఆ చెట్లను ఆమె కంటే ఎక్కువగా మెచ్చుకున్నది సింహాద్రే. మరెందుకు చేసినట్టు? ఏమీ పాలుపోలేదు.

ఆమె భయం ఆమెది. టెక్కలిలో పిల్లలకు డాన్సు నేర్పుకునే సరోజిని, అసలు చేపల వేటగాళ్ళ చేతే వేట నాట్యం చేయిస్తానని పట్టుబట్టింది. పడవలు తోసే కాళ్ళకి గజ్జెలేమిటని నవ్వనివాళ్ళు లేరు. నవ్వించుకుంటూనే ఏడాదంతా నేర్పింది. ఇవాళ ముందు వరసలో విశాఖ నుంచి నాట్యాలు ఎంపిక చెయ్యడానికి వచ్చిన సోమేశ్వరరావు గారు కూచున్నారు. ఆయనకి నచ్చితే వచ్చే నెల విశాఖలో పెద్ద వేదిక మీద ఆడతారు. నచ్చకపోతే నవ్వినవాళ్ళదే గెలుపు. ముందు ఆడిన టెక్కలి పిల్లల నాట్యాలకి ఇప్పటిదాకా ఆయన తల బాగానే ఊపారు.

భాస్కరరావు ఉపన్యాసం అయిపోయింది. ముందు తెర లేచింది.

చాపల మీద కూచున్న పల్లెజనంలో ముందుగా లేచింది బుచ్చమ్మ. తెర మీది సముద్రం వంక ఒక్క చూపు చూసి, పక్కనున్న తట్ట చంకన పెట్టుకుని నడక మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకో నలుగురు. వాళ్ళ వెనక చాప చాపంతా. ఎవరూ కేకేయలేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పల్లె పల్లెంతా చడీచప్పుడు లేకుండా లేచిపోతోంది.

అప్పుడే గజ్జెలు ఘల్లుమనిపిస్తూ ఎనిమిది మంది వేటగాళ్ళు వేదిక మీదికొచ్చారు. నాట్యానికి అసలు వలే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నారు, అది వాళ్ళ భుజాల మీదుంది. ముందున్న కుర్రాడు యువరాజు వెనక తెర చూసి ఆగిపోయాడు. పక్కన నిలబడ్డ సింహాద్రి వైపు తిరిగాడు. సింహాద్రి తల ఒక్కసారి ఊపాడు. అంతే, ఎనిమిది మందీ వలతో సహా కిందికి దూకి, జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ తీరం వైపు పరుగు తీశారు.

"యువరాజూ! ఒరే, ఎక్కడికిరా?" అని సరోజిని అరిచింది. గజ్జెల చప్పుడు దూరమైపోయింది. బొమ్మ చూసి పల్లెకి కోపమొచ్చిందా? పిట్టలు తలకిందులైతే అపశకునమా? ఆమె వేదిక అంచున కూలబడింది. ఏడుపొచ్చేసింది.

ఎదురుగా చప్పట్లు వినిపించాయి. సోమేశ్వరరావు గారు నిలబడి కొడుతున్నారు.

"అద్భుతమమ్మా! నాట్యం వేదిక దిగి సముద్రానికి వెళ్ళిపోవడం! ప్రేక్షకులనూ వెంట తీసుకుపోవడం! ఆ నిశ్శబ్దం! వచ్చే నెల విశాఖలో అచ్చం ఇలాగే చెయ్యాలి. ఒక్క అడుగు కూడా మార్చొద్దు."

సరోజిని కళ్ళు తుడుచుకుని తలూపింది. దేనికి ఊపిందో ఆమెకే తెలీదు. ఆయన కారెక్కగానే లేచి, తెర దగ్గర కుంచెలు కడుక్కుంటున్న సింహాద్రి ముందు నిలబడింది.

"మావా, నీకు దణ్ణం పెడతాను. ఈ మచ్చేటో సెప్పు."

సింహాద్రి తీరం వైపు చూశాడు. జనం సరుగుడు తోపు దాటి కనుమరుగయ్యారు. అప్పుడు గాని అతని నోరు పెగల్లేదు.

"ఆళ్ళు తోపు దాటీసినారు, ఇంక సెప్పొచ్చు. సేపల గుంపు టీచరమ్మా! ఒడ్డుకాడికొచ్చీసింది, నీళ్ళు ఇలగే ఎర్రగా మరిగిపోతన్నాయి. సూడ్డానికి ఊళ్ళో ఎవులున్నారు, అందరూ నీ ఆటకొచ్చీసినారు. గుంపు కనపడితే మాం నోటితో సెప్పకూడదు, సెప్తే మునిగిపోద్ది. సూపించాల, అంతే."

సరోజినికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి విశాఖలో కూడా అచ్చం ఇలగే ఆడాలంట మావా! అక్కడా ఈ మచ్చ ఏత్తావు కదా?"

సింహాద్రి కుంచె విదిలించి బుర్ర గోక్కున్నాడు.

"ఆ పొద్దు సేప రాకపోతే నానెలగ ఏత్తాను టీచరమ్మా?"